ఒకవేళ అత్తయ్య

మొదటి అభ్యాసంలో చనిపోయింది నేనే. భూమికి చాలా దూరంలో, అంతరిక్ష నౌకలో, కారణం తెలియని అస్వస్థతతో పోయాను. కళ్లు మూసుకుని, చేతులు రెండూ ఒంటికి ఆనించి, చెప్పింది చెప్పినట్టే పడుకున్నాను. నన్ను ఎత్తి సంచిలో పెట్టారు. సంచి ఆ పొద్దున్నే కుట్టు గదిలోంచి వచ్చింది, లోపలి సుద్దపొడి ఎవరూ దులపలేదు. జిప్పు నడుం దాకా వచ్చేసరికి తుమ్మాను. ఒకదానితో ఆగలేదు. కెప్టెన్‌గారు అలవాటుకొద్దీ "నూరేళ్లు!" అన్నారు. అద్దం అవతల కూర్చున్న పరీక్షకుడు గంట నొక్కి, "మృతురాలు తుమ్మినందున అభ్యాసము నిలిపివేయడమైనది" అని రాసుకుని, కింద సంతకం పెట్టాడు.

నేను సంచిలోంచి లేచి, అక్కడున్న వాళ్లందరికీ పేరుపేరునా సారీ చెప్పి, వ్యోమగాముల బట్టలు భద్రపరిచే మా స్టోరుకి వెళ్లి నా పని నేను చూసుకున్నాను. చనిపోయిన రోజున కూడా పూట సెలవివ్వని ఆఫీసు మాది.

ఇదంతా మా అత్తయ్య చలవ. అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగం. నౌకలు చేసేది కాదు, ఎగరేసేదీ కాదు. అక్కడ ఎవరికీ అక్కర్లేని పని ఒకటుంటే అది ఆవిడది. జరగకూడనిది జరిగితే ఎవరు ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి అని ముందే కూర్చుని ఆలోచించి రాసిపెట్టడం. ఆ గది తలుపు మీద ఒక పొడుగాటి పేరుండేది కానీ, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. అందరూ 'ఒకవేళ గది' అనేవారు. అక్కడ పుట్టే వాక్యాలన్నీ ఆ మాటతోనే మొదలయ్యేవి మరి. ఒకవేళ నీళ్ల గొట్టం పగిలితే. ఒకవేళ రేడియో మూగబోతే. ఒకవేళ ముగ్గురు వెళ్లి, ఇద్దరే మాట్లాడే పరిస్థితి వస్తే.

క్యాంటీనులో ఆవిడ పళ్లెం పట్టుకుని వస్తూంటే చాలు, బల్ల దగ్గరి వాళ్లకి ఉన్నట్టుండి కడుపు నిండిపోయేది. "రండి మేడమ్, కూర్చోండి, మేం లేస్తున్నాం" అనేవారు. అత్తయ్య ఏమీ అనుకునేది కాదు. "ఎప్పుడొచ్చినా ఖాళీ బల్ల దొరకడం, ఈ ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక్క సుఖం" అని నాకు చెప్పి, నింపాదిగా తినేది.

ఇంట్లోనూ అంతే. వీధి తలుపు వెనక ఒక సంచి వేలాడుతూ ఉండేది. అందులో టార్చిలైటు, కట్టు గుడ్డలు, ఎవరి కొలతలకీ సరిపోని ఒక స్వెట్టరు. వాన వెలిసిన తర్వాత కూడా గొడుగు పట్టుకుని బయల్దేరేది. ఒకసారి మా ఇంటి రెండో తాళంచెవి పక్కింట్లోనూ, పక్కింటి వాళ్లది మా ఇంట్లోనూ పెట్టించింది. ఇక ఏ భయమూ లేదంది. ఆ వారమే రెండిళ్ల వాళ్లమూ కలిసి ఒకే పెళ్లికి బయల్దేరి, రెండు ఇళ్ల తాళంచెవులూ లోపలే పెట్టి తలుపులు లాగేసుకున్నాం. కొత్త చీరలతో, నగలతో రెండు కుటుంబాలూ మెట్ల మీద కూర్చుంటే, దారిన పోయేవాళ్లు పెళ్లి ఇక్కడే అనుకుని పలకరించి వెళ్లారు. అత్తయ్య సిగ్గుపడలేదు. మర్నాడు మూడో తాళంచెవి చేయించి వీధి చివర దర్జీ దగ్గర పెట్టింది.

మా అమ్మా, అత్తయ్యా ఒకరినొకరు 'వదినా' అనే పిలుచుకునేవారు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. వాళ్లు మాట్లాడుకుంటూంటే నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఇద్దరు వదినల మధ్య అంతకంటే గట్టి గోడ ఎవరూ కట్టలేరని ఆయన నమ్మకం.

మావయ్య సరుకుల ఓడలో ఎలక్ట్రీషియనుగా చేసేవారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే, నడి సముద్రంలో, గుండె ఆగిపోయి ఓడలోనే పోయారు. ఆ తర్వాతే అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది, ఆ తర్వాతే ఉద్యోగమూ. ఓడ తిరిగొచ్చినప్పుడు ఆయనతో పనిచేసిన వాళ్లు టోపీలు మోకాళ్ల మీద పెట్టుకుని మా ముందుగదిలో వరసగా కూర్చోవడం నాకు లీలగా గుర్తుంది. వాళ్లలో ఓడ వంటాయన ఒకడు. మిగతావాళ్లు ఒక్కసారే వచ్చారు. ఈయన మాత్రం ఓడ రేవుకి వచ్చినప్పుడల్లా వచ్చేవాడు. వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి, గోడకేసి చూస్తూ కాసేపుండి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవాడు. మా అమ్మకి ఆయనంటే గుర్రు.

"ఆ వంటాయన చూపు నాకు నచ్చలేదు వదినా. అప్పయినా అడగడానికొస్తాడు, లేకపోతే నిన్నయినా అడగడానికొస్తాడు."

"నన్ను అడిగేవాడైతే ఇన్నేళ్లలో ఒక్కసారైనా నావైపు చూసేవాడు వదినా. గోడని చూస్తాడు పాపం."

"గోడని అడగడానికొచ్చాడేమోలే" అని అమ్మ నీళ్ల గ్లాసు ఠంగుమని పెట్టేది.

సరే, నేను శవాన్ని ఎలా అయ్యానో చెప్పాలి.

ఆ ప్రయాణానికి ముగ్గురు ఎంపికయ్యారు. కెప్టెన్‌గారు, డాక్టరమ్మ, మెకానిక్. దారి చాలా పొడుగు. మధ్యలో ఎవరికైనా ఏదైనా అయితే వెంటనే వెనక్కి తిరిగి రావడం కుదరదు. అందుకని అత్తయ్య మొత్తం రాసింది. ప్రాణం పోయిందని ఎవరు నిర్ధారించాలి, కిందికి ఎవరు చెప్పాలి, ఆ ఇంటివాళ్లకి రేడియో వార్త కంటే ముందు ఎవరు వెళ్లి చెప్పాలి, దేహాన్ని ఏ సంచిలో పెట్టాలి, బయటికి వెళ్లే తలుపు పక్కనున్న చల్లని చిన్న గదిలో గోడకి ఎలా కట్టాలి, అన్నీ. ప్రతి పనికీ ఎదురుగా నిమిషాలు. డైరెక్టరుగారికి నిమిషాలు వెయ్యని కాగితం చదవడం రాదు.

మొదట్లో బొమ్మతో చేయించారు. ఇసక నింపిన గుడ్డ బొమ్మ. దాని మీద కెప్టెన్‌గారు తువ్వాలు ఆరేశారు. మెకానిక్ స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ దాని పొట్ట మీద కూర్చున్నాడు. అత్తయ్య అద్దం వెనకనుంచి చూసి, "సామాను సర్దుతున్నారు వీళ్లు. మనిషిని పెట్టాల్సిందే" అంది.

ఆ మీటింగులోనే ఇంకో ప్రశ్న వేసింది. "పనులన్నీ డాక్టరమ్మ చేస్తుందని రాశాను. ఒకవేళ పోయింది డాక్టరమ్మే అయితే?"

ముందుగా నవ్వింది డాక్టరమ్మేనట. "నిజమే, నన్ను మీరెవరూ లెక్కలో వేసుకోలేదు" అంది.

కెప్టెన్‌గారు నౌకని నడిపే సీటు వదిలి రాకూడదు. కాబట్టి సంచి మూసే పని మెకానిక్‌ది. డాక్టరమ్మ ఎత్తూ, లావూ ఉన్న మనిషి కావాలి. డాక్టరమ్మ పనిబట్టలు నేను కుట్టు గదికి పంపేముందు ఒకసారి తొడుక్కుని చూస్తూ పట్టుబడ్డాను. అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "సరిగ్గా సరిపోయావే!" అంది. అంత ముచ్చటగా నన్నెవరూ అంతకుముందు చూడలేదు.

ఇంట్లో అమ్మ చేతిలోని చీపురు కింద పడేసింది.

"ఏం వదినా, పెళ్లి కావలసిన పిల్లని శవంగా పడుకోబెడతావా? రేపు ఎవరైనా 'అమ్మాయి ఏం చేస్తుంది' అని అడిగితే ఏం చెప్పుకోను?"

"పడుకుంటుందని చెప్పు వదినా. అబద్ధం కాదుగా."

"నీకు వేళాకోళంగా ఉంది!"

"ఊపిరి పీల్చుకోవడానికి సంచికి వెనకవైపు కంతలు పెట్టించాను. నీ కూతురికి ఏమీ కాదు."

పేపరు వెనకనుంచి నాన్న మాత్రం, "జీతం ఏమైనా పెరుగుతుందా?" అని అడిగారు. పెరగలేదు.

ఇక మెకానిక్ సంగతి. పొడుగాటి మనిషి, వేళ్ల నిండా పాత గాట్లు. ఆ కేంద్రంలో అతను విప్పలేని బిగింపు లేదని పేరు. ఒక అలవాటు ఉండేది. చేతిలో ఏముంటే దానితో మాట్లాడేవాడు. "రామ్మా, కొంచెం తిరుగు, మొండికెయ్యకు" అని నట్టుని బతిమాలేవాడు. పంపుని "ఏరా, రాత్రి నిద్రపోలేదా" అని పరామర్శించేవాడు. నేను చేతి తొడుగులు ఇస్తే, వాటికి కూడా ఒక నమస్కారం పెట్టి తీసుకునేవాడు. ఈ ప్రయాణం కోసం అతను యవ్వనమంతా ధారపోశాడు. పెళ్లి వాయిదా వేశాడు, ఇల్లు మారలేదు, రెండుసార్లు జాబితాలో పేరు చివరిదాకా వచ్చి జారిపోయింది. ఇది మూడోసారి. అతని వెనక ఇంకో మెకానిక్ తయారుగా ఉన్నాడు.

అత్తయ్య రాసిన దాంట్లో, మూసే ఘట్టం దగ్గర ఇలా ఉండేది: "మౌనముగా, గౌరవముగా మూయవలెను."

నా తుమ్ముల తర్వాత రెండో అభ్యాసం. నన్ను సంచిలో పెట్టి, పట్టీలు బిగించి, జిప్పు మెడ దాకా తెచ్చాడు. అక్కడ ఆగాడు. వంగి, మెల్లిగా, "ఊపిరాడుతోందామ్మా?" అన్నాడు.

అంత మర్యాదగా అడిగితే జవాబు చెప్పకపోవడం ఎలా? "ఆడుతోందండీ" అన్నాను.

గంట మోగింది. "మృతదేహముతో సంభాషించెను. మృతదేహము కూడా బదులిచ్చెను" అని రాశాడు పరీక్షకుడు. అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, "చచ్చాక కూడా నోరు మూసుకోలేవా?" అంది.

మూడోసారి నేను పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. అతను అడిగాడు, నేను పలకలేదు. మళ్లీ అడిగాడు, పలకలేదు. కంగారు పడి, జిప్పు మొత్తం కిందికి లాగి, నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నాలుగోసారి ఏమీ అడగలేదు. గడ్డం దాకా తెచ్చి, జిప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్లు కొంచెం తెరిచి చూశాను. చెమటలు పట్టి, పెదాలు కదుపుతున్నాడు, మాట రావడం లేదు. గంట మోగింది.

డైరెక్టరుగారు కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. "ఇంకొక్కసారి. అప్పుడూ కాకపోతే రెండో మెకానిక్ వెళ్తాడు" అని, కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయారు. మెకానిక్ అక్కడే కూర్చుని, నా పట్టీలు ఒక్కొక్కటే విప్పి, చుట్టలు చుట్టి పక్కన పెట్టాడు. ఒక్క పట్టీతోనూ మాట్లాడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాగానే వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు విన్నాడు. కూర్చోకుండానే అటు వెళ్లి, "ఏంటమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అని, జేబులోంచి ఏదో తీసి బిగించేశాడు. ఆ కుళాయి గురించి నాన్నకి సంవత్సరం నుంచి చెబుతున్న మా అమ్మ, ఆ క్షణంలోనే అతని పక్షానికి మారిపోయింది.

అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. అతను ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, ఒక్క మాట అడగడానికొచ్చాను. పాసయ్యానని రాసెయ్యండి. నిజంగా అక్కడ అలాంటిది జరిగితే చేస్తాను. ఒట్టు."

"జరిగితే చేస్తావో లేదో చూడ్డానికేగా బాబూ, ఈ తతంగమంతా."

"పోనీ బొమ్మతో పెట్టండి. బొమ్మనైతే ఎన్నిసార్లయినా మూస్తాను."

"బొమ్మ మీద కూర్చున్నావు నువ్వు."

"స్క్రూడ్రైవర్ కోసం మేడమ్!"

అమ్మ ఉండబట్టలేకపోయింది. "పాసు చేసెయ్యరాదూ వదినా, పాపం. కుళాయి ఎంత చక్కగా బిగించాడో చూడు."

"అంతరిక్షంలో కుళాయిలు లేవు వదినా."

"లేకపోతే నీళ్లెలా తాగుతారు?"

అత్తయ్య ఆ ప్రశ్నని పట్టించుకోలేదు. "పాసు కాకుండా పాసయ్యావని నేను రాయను. అది నీకు తెలిసే వచ్చావు. ఇంకేదో చెప్పడానికొచ్చావు. చెప్పు."

అతను చిక్కుడుకాయ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకు భయం కాదు మేడమ్. అందరూ భయం అనుకుంటున్నారు. మాట్లాడకుండా నేను ఏ పనీ చెయ్యలేను. నట్టు విప్పేటప్పుడు కూడా దానికి చెప్పి విప్పుతాను. మనిషిని, అందులోనూ నాతో కలిసి అన్నం తిన్న మనిషిని, ఒక్క మాట చెప్పకుండా మూసెయ్యమంటే... దొంగతనం చేస్తున్నట్టుంటోంది."

"మౌనంగా అని నేను ఊరికే రాయలేదు బాబూ. అలా చేసినవాళ్లు నాకు తెలుసు." అత్తయ్య ఇంకో కాయ తీసుకుంది. "మా ఆయన ఓడలో పోయారు. ఏం చెయ్యాలో ఆ ఓడలో ఎవరికీ తెలియదు, ఎక్కడా రాసిలేదు. కూరగాయలు పెట్టే చల్లగదిలో చోటు చేసి పడుకోబెట్టారట. తర్వాత ఇంటికొచ్చి, 'గౌరవంగా, మౌనంగా చేశామమ్మా' అన్నారు. ఆ మాట నాకు చాలా ఊరటగా అనిపించింది. అదే రాశాను."

"ఒక్కరు కూడా ఏమీ అనలేదా మేడమ్, ఆయనతో?"

"అనలేదు. తలలు వంచుకుని చేశారట."

"'వెళ్లొస్తాం' అని కూడా అనలేదా?"

"లేదయ్యా, చెప్పాగా."

అతను కాసేపు ఆలోచించి, చాలా మామూలుగా అడిగాడు. "మరి తర్వాత వాళ్లెలా ఉన్నారు?"

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ సగం తుంచి ఆగిపోయింది. సరిగ్గా తుంచితే చిటుక్కుమని వినిపించాలి. ఆ చప్పుడు కోసం మేమందరం ఎదురుచూశాం. పేపరు కూడా కొంచెం కిందికి దిగింది.

"వదినా" అంది చివరికి, మా అమ్మకేసి తిరిగి. "ఆ వంటాయన."

"మళ్లీ వస్తున్నాడా ఏంటి?" అంది అమ్మ, గుమ్మంకేసి చూస్తూ.

"ఆయన గోడకేసి చూసేవాడు కదా. ఆ గోడ మీద మీ అన్నయ్యగారి ఫోటో ఉంది."

అమ్మ ముందుగదికేసి చూసింది.

"ఆయన నాతో మాట్లాడ్డానికి రాలేదు వదినా ఇన్నేళ్లూ. మీ అన్నయ్యగారితో మాట్లాడ్డానికి వచ్చేవాడు. మనం ఎదురుగా కూర్చుని నీళ్లిచ్చి పంపించేశాం."

అమ్మ లోపలికి వెళ్లి, కాసేపటికి కళ్లు తుడుచుకుని వచ్చి, కుళాయి బిగించిన అబ్బాయికి కాఫీ ఇచ్చింది. "పంచదార సరిపోయిందా నాయనా" అని రెండుసార్లు అడిగింది. అత్తయ్య చిక్కుళ్లు అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్లింది. మిగతావి మెకానిక్ తుంచాడు. ప్రతి కాయకీ ఏదో చెప్పి తుంచాడు. అతనికి ఆకలి కూడా వేసినట్టుంది, ఆ రోజు మా ఇంట్లోనే తిన్నాడు.

మర్నాడు అత్తయ్య కాగితంలో ఆ మూసే ఘట్టం దగ్గర 'మౌనముగా' అన్న మాట లేదు. దాని స్థానంలో, "మూయువారు ముందుగా తాము చెప్పదలచినది చెప్పవలెను" అని ఉంది. ఎదురుగా నిమిషాలు వేసే గడి ఖాళీ.

ఆఖరి అభ్యాసం నాకు ఇప్పటికీ నిన్ననో మొన్ననో జరిగినట్టుంటుంది. ఆ పెద్ద హాలు, నేలకి రాసిన పాలిష్ వాసన, కొత్త రబ్బరు వాసన, పైన ఎక్కడో తిరిగే ఫ్యాను కిర్రు. నౌక నమూనా లోపల చల్లగా ఉండేది. ఆ బల్ల మీద పడుకుంటే వీపు కింద ఒక బోల్టు గుచ్చుకునేది. చనిపోయినవాళ్లకి గుచ్చుకోదు కాబట్టి నేను ఫిర్యాదు చెయ్యలేదు. అద్దం అవతల డైరెక్టరుగారు, పరీక్షకుడు, అత్తయ్య. వాళ్ల పక్కన ఈసారి డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది. తను పోతే ఎలా ఉంటుందో చూడాలనిపించిందట.

మెకానిక్ నన్ను సంచిలోకి చేర్చాడు. కాళ్లు, నడుం, భుజాలు. జిప్పు మెడ దాకా వచ్చింది. అక్కడ ఆగాడు.

"డాక్టరమ్మా, మెకానిక్‌ని" అన్నాడు, ఫోనులో చెప్పినట్టు. "మీరిచ్చిన నిద్రమాత్రలు నేనెప్పుడూ వేసుకోలేదండీ. వేసుకున్నానని చెప్పాను. అవన్నీ నా సీటు కింద డబ్బాలో ఉన్నాయి. మీ అబ్బాయి సైకిలు చైను ఊరికే ఊడిపోతోందన్నారు. దిగగానే బిగిస్తాను, కొత్తది కొనకండి, పాతది మంచి సైకిలు. నేను జోకు వేసినప్పుడల్లా మీరు మొహం అటు తిప్పుకునేవారు. నవ్వొస్తోందని తెలిసిపోయేదండీ, భుజాలు కదిలేవి." గొంతు సవరించుకున్నాడు. "మిమ్మల్ని ఇక్కడ గోడకి కడతాను. పట్టీలు నేనే చూశాను, గట్టివి. అటూ ఇటూ కొట్టుకోరు. రోజూ వచ్చి చూసి వెళ్తాం. ఇంటికి తీసుకెళ్తాం. ఇప్పుడు మూస్తున్నానండీ."

మూశాడు. చెయ్యి ఆగలేదు. పైదాకా, ఒక్క ఊపులో, మెత్తగా.

లోపల చీకటిలో నాకు ఏడుపొచ్చింది. వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్లు సరిగ్గా చెవుల్లోకి పోతాయని ఆ రోజే తెలిసింది. చెవులు చక్కిలిగిలి పెడుతున్నాయి, చేతులు కట్టేసి ఉన్నాయి, మొహం తుడుచుకోవడానికి లేదు. మళ్లీ ఏ తుమ్మో వస్తుందేమో, ఆ అబ్బాయి బతుకు నా ముక్కు మీద ఆధారపడి ఉందనుకుని, నాకు తెలిసిన లెక్కలన్నీ మనసులో వేసుకుంటూ పడుకున్నాను. నన్ను చల్లగదిలోకి తోసి, గోడకి కట్టి, తలుపు వేసి వెళ్లారు. గంట మోగలేదు. చాలాసేపటి దాకా ఎవరూ వచ్చి విప్పలేదు కూడా. నన్ను మర్చిపోయారు. అందరూ అద్దం అవతల ముక్కులు చీదుకుంటున్నారట. చివరికి నేనే లోపల్నుంచి, "ఎవరైనా ఉన్నారా?" అని పిలవాల్సివచ్చింది.

ఆ తర్వాత సంగతులు ఊరందరికీ తెలిసినవే. ముగ్గురూ వెళ్లారు, ముగ్గురూ వచ్చారు. మెకానిక్ దిగాక, కాళ్లు నిలదొక్కుకోగానే వెళ్లి ఆ సైకిలు చైను బిగించాడు. సంచి ఎలా వెళ్లిందో అలాగే, మడత విప్పకుండా తిరిగొచ్చింది. స్టోరులో నేనే అందుకున్నాను. అత్తయ్య వచ్చి, మడతల మీద చెయ్యి వేసి చూసి, "రాసినదేదీ పనికిరాలేదని సంతోషపడే ఉద్యోగం ఇదొక్కటే" అని నవ్వింది.

ఓడ మళ్లీ రేవుకి వచ్చినప్పుడు వంటాయన కూడా వచ్చాడు. అప్పటికి జుట్టు పూర్తిగా తెల్లబడింది. అత్తయ్య ఆయన్ని ముందుగదిలో ఫోటో ఎదురుగా కూర్చోబెట్టి, "మీరూ మీరూ మాట్లాడుకోండి, మేం లోపల ఉంటాం" అని తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది. అమ్మ తలుపుకి చెవి ఆనించబోతే భుజం పట్టుకుని లాక్కొచ్చింది. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి, "తినడానికి ఏమైనా ఉందామ్మా?" అని అడిగాడు. అమ్మ వడ్డించింది. తింటూ తింటూ, ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. మా అమ్మ ఆయన్ని క్షమించిన రోజూ, మళ్లీ కోపం తెచ్చుకున్న రోజూ అదే.

ఇప్పుడా హాలు లేదు. అక్కడ బస్సులు నిలబెడుతున్నారు. ఒకవేళ గదిలో ఎవరో కుర్రాళ్లు కూర్చుంటున్నారట, వాళ్ల బల్లల దగ్గర కూడా క్యాంటీనులో చోటు ఖాళీగానే ఉంటుందట. అత్తయ్య పోయి కూడా చాలా ఏళ్లయింది. పోయిన రోజున అమ్మ ఆవిడ పక్కన కూర్చుని, "నాకంటే ముందు వెళ్తానని ఒక్క మాటైనా అన్నావా వదినా" అని మొదలుపెట్టి, పొద్దెక్కేదాకా మాట్లాడింది. మధ్యలో దెబ్బలాడింది, మధ్యలో నవ్వింది. బంధువులు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. లేవమని ఎవరూ అనలేదు. అంటే ఊరుకునేదాన్ని కాదు నేను.

కానీ నాకు అత్తయ్య అనగానే కళ్ల ముందు కనిపించేది ఆఖరి అభ్యాసం అయిన సాయంత్రం. డైరెక్టరుగారి గదిలో పొడుగాటి బల్ల. ఒక చివర మెకానిక్, చేతులు బల్ల కింద దాచుకుని. ఇంకో చివర నేను, జుట్టంతా ఒకవైపు అణిగిపోయి, చెవుల్లో ఇంకా తడి. డైరెక్టరుగారు కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేశారు. మెకానిక్ పేరు ఎదురుగా కలం పెట్టి, పెట్టిన కలం ఎత్తి, అత్తయ్యకేసి చూశారు.

"అంతా బాగానే ఉందమ్మా, కాదనను. కానీ అన్ని పనులకీ నిమిషాలు వేసి, ఈ మాట్లాడే పనికి ఖాళీ వదిలేశారేమిటి? అతను అలా మాట్లాడుతూ కూర్చుంటే అవతల మిగతా పనులన్నీ ఆగిపోవూ?"

"ఆగుతాయండీ, ఆగడానికే రాశాను" అంది అత్తయ్య.